జపాన్ పోత నాణేలు: ముఖం కన్నా ముందు అంచు చూడండి

ప్రశ్న: కోలగా ఉండి, నడుమ చదరపు బెజ్జమున్న జపాన్ టెంపో నాణెం ఆన్‌లైన్‌లో కొన్నాను. పొడవు 48.2 మి.మీ., బరువు 19.8 గ్రాములు. చిన్నగా ఉంది కాబట్టి నకిలీదేనంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అంతమాత్రానికే తీర్పు చెప్పకండి. 1835 నుంచి ప్రభుత్వం పోయించిన టెంపో త్సూహో (మీ టెంపో నాణెం పూర్తి పేరు) సుమారు 49 మి.మీ. పొడవు, 32 మి.మీ. వెడల్పు, 20.6 గ్రాముల బరువు ఉంటుంది. అసలు నాణేన్నే ఇసుకలో అదిమి మళ్లీ పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. 49 కాస్తా 48.3 అవుతుంది. ఇప్పటి నకిలీల కొలత తగ్గేది ఇందుకే. కానీ ఎడో కాలం (జపాన్‌ను షోగన్లు ఏలిన 1603–1868) చివర్లో సత్సుమా, టోసా వంటి సంస్థానాలు చాటుగా పోయించిన టెంపోలు కూడా ఇలాగే తగ్గుతాయి. సేకరించేవాళ్లు వాటిని వెతికి మరీ, కొన్నిటికి ఎక్కువ ధర పెట్టి కొంటారు.

తేల్చేది అంచు. పోత నుంచి విరిచాక అంచును ఆకురాయితో రాసేవారు. పది రెట్ల భూతద్దంలో ఆ గీతలు ఒకదానితో ఒకటి సరిపోలవు, చేతులు మారి మారి అక్కడక్కడా అరిగి ఉంటాయి. నకిలీలో గీత కూడా పోతలోనే వస్తుంది కాబట్టి దాని గట్లు మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి. అంచు పొడవునా సన్నటి అతుకు కనిపిస్తే ఇంక వెతకాల్సిన పని లేదు. ప్రభుత్వ టెంపోకు అంచున రెండు పక్కలా చిన్న కిరి పువ్వు (కిరి ఒక జపాన్ చెట్టు) ముద్ర ఉంటుంది. అది సుత్తితో కొట్టిన ముద్ర, లోహంలోకి దిగి ఉండాలి. సంస్థానాల నాణేల్లో ఈ ముద్ర ఆకారం మారుతుంది.

తర్వాత లోహం. అవుసలాయన దగ్గరి 0.01 గ్రాముల కాటా మీద చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పెట్టి సున్నా చేయించండి. నాణేన్ని సన్న దారంతో కట్టి, అడుగు తాకకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. మీ నాణేనికి కాటా 2.2 నుంచి 2.35 మధ్య చూపిస్తే కంచు. 2.8 దాటితే జింకు మిశ్రమం, అంటే నకిలీ. బెజ్జంలో గాలి బుడగ చిక్కితే లెక్క తప్పుతుంది, ముందే తడి వేలితో తుడవండి. మంచి కంచుతో పోసిన నకిలీ ఈ పరీక్షలో దొరకదు, అందుకే అంచు ముందు చూడమనేది.

ప్రశ్న: నడుమ చదరపు బెజ్జమున్న గుండ్రటి జపాన్ కాన్‌ఏయి నాణేనికి అయస్కాంతం అంటుకుంటోంది. పారేయాలా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: వద్దమ్మా. 1739 నుంచి ఒక మోన్ (అప్పటి జపాన్ చిల్లర లెక్క) విలువైన కాన్‌ఏయి నాణేలను ఇనుముతోనూ పోశారు, 1860లో నాలుగు మోన్లవీ వచ్చాయి. తుప్పు రంగులో ఉండి అంటుకుంటే అనుమానం అక్కర్లేదు. రాగి రంగులో మెరుస్తూ గట్టిగా అంటుకుంటే మాత్రం అది పూత వేసిన ఇనుమే.

రాగి నాణేలైతే ముందు వైపు, బెజ్జానికి ఎడమన ఉన్న అక్షరం అడుగున కాళ్లలా కనిపించే రెండు గీతలు చూడండి. 1636–1659 నాటి పాత వాటిలో కుడి కాలు ఎడమ కాలి నుంచే చీలినట్టుంటుంది. 1668 తర్వాతి వాటిలో రెండూ విడివిడిగా నిలుస్తాయి. వెనక ‘బున్’ (文) అక్షరమున్న నాణేలు 1668లో మొదలయ్యాయి. ఆ అక్షరం ఉండి, ముందు వైపు కాళ్లు కలిసి ఉంటే అనుమానించాల్సిందే. నాలుగు మోన్ల ఇత్తడి నాణెం వెనక అలలుంటాయి: 1768లో 21, 1769 నుంచి 11.

ప్రశ్న: చిలుము పట్టిన నాణేన్ని చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: ఇత్తడి బిందె తోమినట్టు నాణేన్ని తోమొద్దు. పులుపు చిలుముతోపాటు పైపొరను కూడా తినేసి, నాణేన్ని గులాబీ రంగుకు తెస్తుంది. వయసు చెప్పే సాక్ష్యం, కొనేవాడు పెట్టే ధర రెండూ దాంతోనే పోతాయి. మట్టి మాత్రమే తీయాలంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రాసి, పూర్తిగా ఆరబెట్టండి. మన దిక్కు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అది రాగిలో మిగిలితే చిలుము మళ్లీ లేస్తుంది. ఇనుప నాణేన్ని అసలు తడపొద్దు, పొడి బ్రష్ చాలు.