హైవేపై వంద వేగంలో వీలీ చేయవచ్చా? పడి లేచిన అనుభవంతో నా సమాధానం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీకు ఇరవై రెండేళ్లు. ఊరి చివర ఖాళీ వెంచర్‌లో రెండేళ్లుగా సాధన చేసి, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వీలీ చేస్తూ, అంటే బండి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి వెనక చక్రం మీదే నడుపుతూ, రెండు వందల మీటర్ల దాకా నిలపగలుగుతున్నారు. ఇప్పుడు అదే పనిని జాతీయ రహదారిపై 100 వేగంలో చేయాలనుకుంటున్నారు. చేతిలో ఇంత సాధన, ఒంటిపై పూర్తి రక్షణ దుస్తులు, ఆదివారం తెల్లవారాక ఖాళీగా ఉండే రోడ్డు, ఈ మూడూ ఉంటే ప్రమాదం ఎంతవరకు తగ్గుతుందని అడిగారు. ఇంతకన్నా ఎంతో ఎక్కువ వేగంలో చేసిన వీలీ రికార్డులనూ ప్రస్తావించారు.

చేయవద్దని ముందే చెబుతున్నాను. అయితే ఈ మాట నాకూ ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఒకసారి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ గారు కూడా చెప్పారు. ఎందుకు చేయకూడదో ఎవరూ వివరించలేదు కనుక అది నా చెవికి ఎక్కలేదు. అందుకే కారణాలను వివరంగా రాస్తున్నాను.

నేను 2014 నుంచి మూడేళ్లపాటు వీలీలు చేశాను. మొదట 200 సీసీ బండి మీద, తరువాత 390 సీసీ బండి మీద, హయత్‌నగర్ దాటాక ప్లాట్లు వేసి వదిలేసిన ఒక వెంచర్‌లో నేర్చుకున్నాను. 2017 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం, విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై చౌటుప్పల్ దాటిన తరువాత పడిపోయాను. అప్పటికి నాకు మీకన్నా ఒక ఏడాది ఎక్కువ సాధన ఉంది.

ముందుగా ఆ సాధన సంగతే చెబుతాను. త్వరణం బలంతో ముందు చక్రం లేవాలంటే బండి దాదాపు గురుత్వ త్వరణమంత త్వరణంతో ముందుకు ఉరకాలి. వేగం రెట్టింపైనప్పుడు అదే తోపును ఇవ్వడానికి ఇంజిన్ నుంచి రెట్టింపు శక్తి కావాలి. బండి, మనిషి కలిసి 230 కిలోలు అనుకుని లెక్క వేస్తే, 100 వేగంలో కేవలం యాక్సిలరేటర్‌తో చక్రం లేవడానికి 70 నుంచి 80 హార్స్‌పవర్ అవసరమవుతుంది. మనం నడిపే 200 సీసీ బండిలో దాదాపు 25, 390 సీసీ బండిలో దాదాపు 43 హార్స్‌పవర్ మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆ వేగంలో మన బళ్ల చక్రం దానంతట అది లేవదు. రెండో గేరులో తక్కువ వేగం దగ్గరే క్లచ్ వదిలి లేపి, బ్యాలెన్స్ పాయింట్ దాకా, అంటే బండి ముందుకూ వెనక్కూ పడకుండా వెనక చక్రం మీద నిలిచే కోణం దాకా తీసుకెళ్లి, గాల్లోనే మూడో గేరు వేసి వేగం పెంచుకుంటూ పోవాలి. నేను చేసింది అదే. బ్యాలెన్స్ పాయింట్ దగ్గర బండిని నిలపడానికి చాలా తక్కువ బలం చాలు, అందుకే అక్కడ అంతా చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ బిందువుకు అటు పక్క వెనక్కి తిరగబడడం, ఇటు పక్క ముందు చక్రం నేలకు కొట్టుకోవడం తప్ప మరొకటి లేదు. ఆ సన్నని హద్దు మీద ఉండగానే గేరు మార్చడమంటే, వెనక చక్రానికి అందే బలాన్ని ఒక క్షణం తెంచి మళ్లీ ఇవ్వడమన్నమాట.

ఇక గాలి. వేగం రెట్టింపైతే గాలి తాకిడి నాలుగింతలవుతుంది. 50 వేగంలో ఛాతీ మీద ఏడెనిమిది కిలోల బరువు ఆనించినట్టుండే గాలి, 100 వేగంలో ముప్పై కిలోలకు దగ్గరవుతుంది. పైగా లేచి ఉన్న బండి అడుగు భాగమంతా గాలికి ఎదురుగా నిలుస్తుంది గనుక ఆ తోపు మిమ్మల్ని వెనక్కే నెడుతుంది. వెంచర్‌లో మీ చేతులు నేర్చుకున్న బ్యాలెన్స్ పాయింట్ ఇక్కడ అదే చోట ఉండదు. పక్క లేనులో ఒక బస్సో లారీయో ఉంటే దాని వెనక సుడి తిరిగే గాలి ఆ బిందువును ప్రతి క్షణం జరుపుతూనే ఉంటుంది. నా అనుభవంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఈ లారీ గాలే, ఎందుకంటే దాన్ని వెంచర్‌లో సాధన చేయడానికి వీలే లేదు.

చక్రాన్ని దించడం లేపడం కన్నా కష్టం. గాల్లో ఉన్నంతసేపు ముందు చక్రం తిరిగే వేగం కొంత తగ్గుతుంది. హ్యాండిల్ రెండు మూడు డిగ్రీలు పక్కకు తిరిగి ఉన్నా మీకు తెలియదు. 50 వేగంలో అలా వంకరగా దిగితే హ్యాండిల్ ఒకసారి ఊగి సర్దుకుంటుంది. 90 దాటాక అదే వంకర వల్ల టైరు నేలను తాకగానే హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టుకోవడం మొదలవుతుంది. దాన్ని చేతుల బలంతో ఆపడం నాకు సాధ్యం కాలేదు. గట్టిగా పట్టుకున్న కొద్దీ ఊగడం పెరిగిందే తప్ప తగ్గలేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఆగే దూరం. ముందు చక్రం గాల్లో ఉంటే మీకు స్టీరింగ్ లేదు, బండిని నిజంగా ఆపగలిగే ముందు బ్రేకు లేదు, ట్యాంకు అడ్డంగా ఉండడం వల్ల ఎదురుగా ఉన్న రోడ్డు కూడా సగం కనబడదు. 100 వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. అడ్డు వచ్చినదాన్ని గుర్తించడానికి ఒక సెకను, వెనక బ్రేకు తొక్కి చక్రాన్ని దించడానికి, దిగాక బండి కుదురుకోవడానికి మరో సెకనున్నర వేసుకుంటే, ముందు బ్రేకు పట్టుకునే లోపే 70 మీటర్లు గడిచిపోతాయి. ఆపైన పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేయగలిగినవారికి కూడా మరో 50 మీటర్లు కావాలి. రెండు చక్రాలూ నేల మీద ఉండి అప్రమత్తంగా నడిపేవారు అదే అడ్డుకు 80 మీటర్ల లోపే ఆగగలరు. ఆ నలభై మీటర్ల తేడా మీ నైపుణ్యంతో పూడేది కాదు.

రికార్డుల ప్రస్తావన కూడా తెచ్చారు కనుక చెబుతాను. స్వీడన్‌కు చెందిన పాట్రిక్ ఫ్యూర్‌స్టెన్‌హాఫ్ 1999లో గంటకు 307.86 కిలోమీటర్ల వేగంలో వీలీ చేసిన మాట నిజమే. కానీ ఆయన అది చేసింది ఇంగ్లండ్‌లోని బ్రంటింగ్‌థార్ప్ పరీక్షా ప్రాంగణంలో. 1991లో ముందు చక్రం దించకుండా 331 కిలోమీటర్లు నడిపిన యసుయుకి కుడో కూడా జపాన్‌లోని సుకుబాలో వాహనాల పరీక్షకు కట్టిన మార్గం మీదే నడిపారు. ఆ రెండు చోట్లా డివైడర్‌లో గ్యాపులు లేవు, పక్క ఊళ్లు లేవు.

రక్షణ దుస్తుల విషయంలో నేను కృతజ్ఞుడిని. ఆ రోజు నిండు హెల్మెట్, జాకెట్, చేతి తొడుగులు లేకపోతే ఈ సమాధానం రాసేవాడిని కాదు. హెల్మెట్ గడ్డం దగ్గర ఒక పొర మొత్తం అరిగిపోయింది, నా దవడకు మాత్రం గీత కూడా పడలేదు. కానీ దుస్తులు ఆపగలిగేది రాపిడిని, కొంతమేరకు దెబ్బను. ఎడమ కాలు మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగి బయటకు వచ్చింది. దాన్ని ఏ దుస్తులూ ఆపలేకపోయాయి. మూడు ఆపరేషన్లు జరిగాయి, తొమ్మిది నెలలు ఉద్యోగానికి వెళ్లలేదు. మా నాన్నగారు ఇంటి కోసం దాచిన డబ్బులో పెద్ద భాగం ఆసుపత్రికే పోయింది. 2023 సెప్టెంబరులో చెన్నై–బెంగళూరు రహదారిపై కాంచీపురం దగ్గర వీలీ ప్రయత్నిస్తూ పడిపోయిన తమిళ యూట్యూబర్ ఉదంతం మీరు చూసే ఉంటారు. ఆయన కూడా దుస్తుల పుణ్యమా అని చేయి మాత్రమే విరిగి బయటపడ్డారు. ఆ తరువాత అరెస్టయ్యారు, పదేళ్లపాటు బండి నడపకుండా లైసెన్సు రద్దయింది.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా నడిపితే, 2019 సవరణ తరువాత, మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంటుంది. కుటుంబం ఉన్నవారు తెలుసుకోవలసినది మరొకటి ఉంది: తన దుడుకు డ్రైవింగ్ వల్ల తానే చనిపోయిన వ్యక్తి వారసులకు బీమా సంస్థ పరిహారం చెల్లించనక్కరలేదన్న కర్ణాటక హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జులైలో సుప్రీంకోర్టు నిరాకరించింది.

మీకు ఈ విద్య మీద ఉన్న ఇష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, నాకూ అది ఉండేది. దాన్ని నిలుపుకోవాలంటే యజమాని అనుమతి ఉన్న మూసిన స్థలంలో, వెనక బ్రేకు మీద కాలు తీయకుండా, తక్కువ వేగంలోనే చేయండి. బాగా చేయి తిరిగిన స్టంట్ రైడర్లు మొదటి గేరులో, మనిషి పరుగెత్తేంత వేగంలో, ముందు చక్రాన్ని గాల్లో ఉంచి గుండ్రంగా తిప్పుతారు. నా దృష్టిలో హైవే మీద తిన్నగా దూసుకుపోవడం కన్నా అది ఎన్నో రెట్లు కష్టమైన పని.

మీ మూడో మాట, తెల్లవారాక రోడ్డు ఖాళీగా ఉంటుందన్నది, చివరికి ఉంచుకున్నాను. మన జాతీయ రహదారులు దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో దాదాపు రెండు శాతమే. అయినా 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 36 శాతం మంది వీటి మీదే చనిపోయారు. రోడ్డుకు ఇటు ఇల్లు, అటు పొలం ఉన్నవారు రోజూ దాన్ని దాటక తప్పదు, వారు దాటే వేళ కూడా అదే.

ఆ ఉదయం ఆరున్నరకు చౌటుప్పల్ దాటాక నా ముందు అర కిలోమీటరు దాకా ఒక్క వాహనం కూడా లేదు. చక్రం లేపాను, మూడో గేరు వేశాను, వేగం 90 దాటింది. డివైడర్ గ్యాప్‌లో నుంచి ఎక్స్‌ఎల్ బండి మీద రెండు పాల క్యాన్లతో ఒక పెద్దాయన రోడ్డు మీదికి వచ్చారు. ట్యాంకు అడ్డుగా ఉండడంతో ఆయన నాకు కనబడేసరికే ఆలస్యమైంది. చక్రం దించగానే హ్యాండిల్ కొట్టుకుంది, నేను పడిపోయాను, నా బండి ఒక్కటే జారుతూ వెళ్లి ఆయన వెనక చక్రాన్ని తాకింది. ఆయన వచ్చిన తీరులో ఏ తప్పూ లేదు. రెండు పక్కలా చూసే వచ్చానని తరువాత చెప్పారు. దూరంగా వస్తున్న ఒక బండిని చూశారట, అది వచ్చేలోపు దాటేయవచ్చనుకున్నారట. మామూలుగా నడిపి ఉంటే నేను ఆగగలిగేవాడిని.

108కి ఫోన్ చేసింది కూడా ఆయనే, ఎడమ చేత్తో. ఆయన కుడి మణికట్టు విరిగింది. కేసు రెండేళ్లు నడిచింది, నేను తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాను, వైద్య ఖర్చులు ఇచ్చాను. ఇప్పటికీ ఏడాదికి ఒకసారైనా ఆయన ఇంటికి వెళ్లి వస్తాను. ఆయన నన్ను "బాబూ" అనే పిలుస్తారు, కాలు ఎలా ఉందని అడుగుతారు. ఆ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా మడవదు. పాలు పిండడం ఆ ఏడాదే మానేశారు, గేదెలను అమ్మేశారు.