కౌబాయ్ తుపాకీ ఇంటి కాపలాకి పనికొస్తుందా?

"అన్నా, గ్రీన్ కార్డు వచ్చి రెండు నెలలైంది. ఈమధ్యే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. మా వీధిలో ఇద్దరు తెలుగువాళ్ళ ఇళ్ళలో దొంగలు పడి బంగారం ఎత్తుకెళ్ళారు. ఇంట్లో ఒక తుపాకీ ఉంటే ధైర్యంగా ఉంటుందని షాపుకి వెళ్తే పాతకాలం కౌబాయ్ రివాల్వర్ చూపించారు. సింగిల్ యాక్షన్ అట. చూడ్డానికి భలే ఉంది, తూటా ఇరుక్కుపోయే బాధ లేదన్నాడు షాపువాడు, ధర కూడా 200 డాలర్ల లోపే. మా బావమరిది ఎఫ్1 మీద చదువుకుంటూ మాతోనే ఉంటున్నాడు, వాడికీ సరదా. కొనమంటావా?"

తమ్ముడూ, తుపాకీ మాట తర్వాత. ముందు మీ బావమరిది సంగతి చూద్దాం.

గ్రీన్ కార్డు ఉంది కాబట్టి నిన్ను చట్టం ఆపదు. షాపులో 4473 అనే ఫారం నింపుతావు, వాళ్ళు నీ వివరాలు ఎఫ్‌బీఐ వ్యవస్థలో చూపిస్తారు, 21 ఏళ్ళు దాటాయి కాబట్టి చేతి తుపాకీ అమ్ముతారు. మీ బావమరిది లెక్క వేరు. ఎఫ్1, హెచ్1బి, హెచ్4, ఎల్1, ఆఖరికి మనల్ని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నల బి2, ఇలా వీసా మీద వచ్చినవాళ్ళెవరూ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనకపోయినా సరే, దగ్గరుంటే చాలు నేరమే. 2022లో చట్టం మార్చాక శిక్ష 15 ఏళ్ళ దాకా పెరిగింది. రేంజికి, అంటే కాల్పులు సాధన చేసే చోటికి, తీసుకెళ్ళి అద్దె తుపాకీతో నాలుగు రౌండ్లు కాల్పించినా ఇదే లెక్క. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. దాన్ని నమ్ముకునే ముందు మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఫీజు కట్టి అడగండి, వాట్సాప్ గ్రూపులో అడగొద్దు.

కాబట్టి నువ్వు కొన్నా, పెట్టె తాళం గానీ నంబరు గానీ వాడికి తెలియకూడదు. "బావ పేరు మీద కొని నేను వాడుకుంటా" అన్నాడంటే అది మరీ ఘోరం. ఒకరి కోసం ఇంకొకరు కొనడం విడిగా ఒక ఫెడరల్ నేరం. నీ గ్రీన్ కార్డు చూసుకుని మురిసిపోకు. తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళని కూడా వెనక్కి పంపెయ్యడానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో ప్రత్యేకంగా ఒక నిబంధనే ఉంది.

ఇక సరుకు సంగతి. కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన వాళ్ళం, ఆ రివాల్వర్ చూస్తే మనసు లాగుతుంది, కాదనను. నా దగ్గరా ఒకటుంది, రూగర్ కంపెనీ బ్లాక్‌హాక్, పెద్ద .357 తూటాది. దాని పోలికంతా 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్‌దే. సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్‌కి ఒకటే పని, ఎత్తి ఉన్న హ్యామర్‌ని, అంటే తూటాని కొట్టి పేల్చే వెనక సుత్తిని, వదలడం. ఎత్తే పని మన బొటనవేలిది, ప్రతి తూటాకీ మళ్ళీ ఎత్తాలి. డబుల్ యాక్షన్‌లో ఐతే ట్రిగ్గర్ గట్టిగా లాగితే ఎత్తడం, వదలడం రెండూ అదే చేస్తుంది. చెప్పుకోడానికి ఇంతే తేడా. అర్ధరాత్రి చీకట్లో, చెయ్యి వణుకుతున్నప్పుడు, ఆ బొటనవేలు చెప్పిన మాట వింటుందా అన్నదే అసలు ప్రశ్న.

తూటాలు నింపడం కూడా తాపీ యవ్వారమే. కుడిపక్క చిన్న తలుపు తెరిచి ఒక్కొక్కటే దూర్చాలి. కాల్చాక ఖాళీ గొట్టాల్ని ఊచతో ఒక్కొక్కటే బయటికి నెట్టాలి. పాత కోల్ట్ తరహావైతే తూటాలు పెట్టే గదులు ఆరున్నా ఐదే నింపుతారు, హ్యామర్ కింది గది ఖాళీగా వదిలేస్తారు. నిండు గది మీద హ్యామర్ ఆనుకుని ఉండగా తుపాకీ కింద పడితే పేలగలదు. రూగర్ వాళ్ళు 1973లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకి తగలనివ్వని భాగం) పెట్టాక ఆరూ నింపుకోవచ్చు. ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో పాత రూగర్ చౌకగా ఇస్తానంటే పక్కన స్క్రూలు లెక్కపెట్టు. మూడుంటే పాత తరహా. దానికి కంపెనీయే ఉచితంగా భద్రత భాగం మార్చి ఇస్తుంది.

నీకు చూపించిన 200 డాలర్ల లోపుది బహుశా చిన్న .22 తూటాది అయి ఉంటుంది. డబ్బాలు కొట్టుకోడానికి బ్రహ్మాండం, ఇంటి కాపలాకి కాదు. ఇరుక్కుపోదన్నాడు సరే, పెద్దగా ఇరుక్కుపోదు. ఇరుక్కుపోయేది మనిషి.

అదెలాగో నా కథే చెప్తాను. 2014 వేసవిలో నాన్న గుంటూరు నుంచి వచ్చిన మూడో రాత్రి. తెల్లవారుజామున మూడింటికి వెనక తలుపు తెరుచుకున్న బీప్ వినపడింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పెట్టె తెరిచాను, బ్లాక్‌హాక్ తీశాను, హ్యామర్ ఎత్తాను. నాలుగు క్లిక్కులొచ్చే పాత కోల్ట్ కాదు కదా, ఎత్తినట్టు కూడా సరిగ్గా తెలియలేదు. మెట్ల మీద నిలబడి "ఎవరు?" అని అరిచాను. "నేనేరా, నిద్ర పట్టలేదు, కాస్త గాలి పీల్చుకుందామనీ" అన్నారు నాన్న. జెట్‌ల్యాగ్. ఇండియా నుంచి వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ మొదటివారం మూడింటికి లేచి కూర్చుంటారని నాకు తెలీదా? తెలుసు. ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

అసలు భయం అప్పుడు మొదలైంది. హ్యామర్ ఎత్తి ఉంది, ట్రిగ్గర్ మీద చీమ వాలితే చాలన్నట్టుంది. దాన్ని దించాలంటే హ్యామర్‌ని బొటనవేలితో బిగబట్టి, అదే సమయంలో ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా కిందికి వదలాలి. అంటే కాల్చకుండా ఉండడానికి కూడా ట్రిగ్గర్ నొక్కాల్సిందే! రేంజిలో వందసార్లు చేశాను. ఆ రాత్రి అరచెయ్యంతా చెమట. కింద హాల్లో నాన్న లైటు వేసి "కాఫీపొడి ఎక్కడుందమ్మా" అని కోడల్ని అడుగుతున్నారు. నేను బయటి గోడ వైపు, నేల వైపు గురిపెట్టి అలాగే నిలబడిపోయాను. రెండు నిమిషాలో, ఐదు నిమిషాలో. చెయ్యి తుడుచుకుని దించాను. ఏమీ కాలేదు. ఆయనకి ఈ విషయం ఇప్పటికీ చెప్పలేదు.

సింగిల్ యాక్షన్ నడిపేవాళ్ళు కొందరు ఎంత వేగంగా కాల్చొచ్చో చెప్తారు, అభ్యాసం ఉన్నవాడి చేతిలో అది నిజమే. ఎత్తాక కాల్చనక్కర్లేదని తేలితే ఏం చేస్తావో చెప్పేవాళ్ళు తక్కువ. మన ఇళ్ళలో రాత్రి చప్పుళ్ళన్నీ చివరికి పిల్లాడో, అమ్మో, ఫ్రిజ్ తలుపో అవుతాయి. అంటే ఇంటి తుపాకీకి ఎక్కువసార్లు రాబోయే పని పేలడం కాదు, పేలకుండా పెట్టెలోకి తిరిగి వెళ్ళడం. ఆ పనిలో ఇది అన్నిటికన్నా కష్టమైన తుపాకీ. డబుల్ యాక్షన్ రివాల్వరైతే హ్యామర్ ఎత్తకుండానే పట్టుకుంటావు, ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, ఎవరో తెలిశాక వేలు పక్కకి తీసేస్తే చాలు.

ఇంకో సంగతి గోడలు. మన ఊళ్ళో తొమ్మిదంగుళాల ఇటుక గోడల మధ్య పెరిగాం కాబట్టి గోడంటే అడ్డం అనుకుంటాం. ఇక్కడ ఇంట్లో గోడలు కర్రలకి రెండువైపులా అరంగుళం జిప్సం బోర్డు, అంతే. .357 తూటా ఒకటి కాదు, నాలుగైదు గదులు దాటేస్తుంది. నీ పడకగదికీ పిల్లల గదికీ మధ్య ఏముందో ఒకసారి వెళ్ళి వేలితో తట్టి చూడు. పైగా గదుల మధ్య ఇరుకు సందులో .357 పేలిస్తే చెవులు పనిచెయ్యవు, 911 అమ్మాయి ఏమంటోందో కూడా వినపడదు.

అయినా కొంటానంటే కొను, నేనూ అమ్మేయలేదు, నెలకోసారి రేంజికి తీసుకెళ్తాను. కాపలాకి మాత్రం వేరేది చూసుకో. కొనేముందు రేంజిలో అద్దెకి తీసుకుని రెండు రకాలూ కాల్చి చూడు, ఒక క్లాసు కట్టు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే వెంట పెట్టుకోవచ్చు కదా అని అందరూ క్లాసులు మానేస్తున్నారు. పర్మిట్ అక్కర్లేదంటే నేర్చుకోనక్కర్లేదని కాదు. న్యూజెర్సీలో ఉన్న మీ అక్కావాళ్ళకి ఈ సలహా చెప్పకు, అక్కడ కొనడానికే పోలీసుల దగ్గర అనుమతి తీసుకోవాలి, లెక్కలన్నీ వేరు.

దొంగల భయమే ఐతే, వాళ్ళొచ్చేది నువ్వు ఇంట్లో లేనప్పుడు, బంగారం కోసం. ఆ సమయంలో తుపాకీ కూడా వాళ్ళకి దొరికే ఇంకో వస్తువే. నగలు బ్యాంకు లాకర్లో పెట్టు. గుమ్మం గడియ పట్టీకి ఉన్న పొట్టి స్క్రూలు తీసి మూడంగుళాలవి బిగించు, హోమ్ డిపోలో ఐదారు డాలర్లు. ఒక్క తన్నుకి ఊడొచ్చే తలుపు గట్టిపడుతుంది. పెళ్ళి ఫోటోల్లో వడ్డాణాలన్నీ పెట్టి "ఇండియా వెళ్తున్నాం" అని పోస్టు చెయ్యడం మానమని మా చెల్లెలికి ఎన్నిసార్లు చెప్పినా వినదు, నువ్వైనా విను.

చివరిగా ఒకటి, ఇది చాలామందికి తట్టదు. రేంజికి తీసుకెళ్ళే బ్యాగు వేరే ఉండాలి. దాంట్లో ఏదో మూల జేబులో ఒక తూటా మిగిలిపోతుంది, డిసెంబర్లో అదే బ్యాగులో బట్టలు సర్దుకుని హైదరాబాదు వెళ్తావు, తిరుగు ప్రయాణంలో శంషాబాదు స్కానర్లో కనపడుతుంది. తుపాకీ లేకపోయినా సరే, ఒక్క తూటాకి ఆయుధాల చట్టం, 1959 కింద కేసు. విమానం పోతుంది, పాస్‌పోర్టు కోర్టులో చిక్కుకోవచ్చు. నా బ్యాగుకి ఎర్ర టేపు చుట్టి గ్యారేజీలో మేకుకి తగిలించాను. ఇంట్లోకి దాన్ని తేనివ్వను.