చింతచెట్టు ఎక్కినవాళ్లు

ప్రశ్న: నాకు పద్దెనిమిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదువుతున్నాను. నాగరికత కూలిపోయాక పిల్లలు ఎలా బతుకుతారన్న కథలంటే పిచ్చి. వాటిలో ఎప్పుడూ కత్తి తిప్పడం వచ్చినవాళ్లే మిగులుతారు. నాకు ఈత కూడా రాదు. నిజంగా అలాంటి రోజు వస్తే నాలాంటివాళ్ల గతి ఏమిటి?

జవాబు: అమ్మాయీ, ఆ కథల్లో ఎవరైనా బిందె పట్టుకుని నీళ్లకు వెళ్లారా? వెళ్లరు. అందుకే నేను వాటిని సగంలోనే మూసేస్తాను.

మన ఊరు ఒకసారి కూలింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. పైకి చేరినవాళ్లు కిందివాళ్లకు చెయ్యి ఇవ్వకపోతే ఒక్క చెట్టు మీద అంతమంది ఇముడుతారా? మళ్లీ వరద రాకూడదని ఉస్మాన్‌సాగర్ కట్టారు, 1920కి పూర్తయింది. వరదనాడు ఆరేళ్ల పిల్ల ఉంటే, అప్పటికి నీ ఈడుకు వచ్చి ఉంటుంది.

ఇప్పుడు మన కుళాయిలోకి కృష్ణా, గోదావరి నీళ్లు ఎంతో దూరం నుంచి పంపుల మీద వస్తున్నాయి. కరెంటు పోయిందా, కత్తి ఉన్నవాడికీ దాహమే. 2020 అక్టోబరు వానల్లో మా వీధిలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. మూడు రోజులు మోటారు తిరగలేదు. డిగ్రీ తప్పాడని రోజూ తిట్లు తినే పక్కింటి కుర్రవాడు బట్టలారేసే నైలాన్ తాడు విప్పి, చెయ్యి జారకుండా బారెడుకో ముడి వేసి, ఎదురింటి గేటుకు కట్టాడు. దాన్ని పట్టుకుని, బట్టలు నానబెట్టే టబ్బును తోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. పాల ప్యాకెట్ల కంటే ముందు ఎవరికి ఏ మాత్ర కావాలో చీటీ మీద రాసుకున్నాడు. తాగే నీళ్లు మాత్రం మా వంటింట్లోనే, గుడ్డతో వడకట్టి తెర్లేదాకా కాచి పంపాము. గ్యాసు ఎప్పుడు అయిపోతుందోనని నా గుండె దడదడలాడింది!

ఆ కుర్రవాడికీ ఈత రాదు. నువ్వు మాత్రం నేర్చుకో, వేసవి సెలవులు ఉండనే ఉన్నాయి. ఈలోగా మీ వీధిలో చేదబావి ఎక్కడుందో, మీ పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఏ మాత్రలు వేసుకుంటుందో కనుక్కుని నాకు రాయి.

అతని డిగ్రీ అంటావా? ఇంకా ఒక పేపరు మిగిలే ఉంది.