రెండో వేవ్ మిగిల్చిన కోపం ఎవరి మీద?

"కోవిడ్ రెండో వేవ్ నాటి దుఃఖం, కోపం మీలో ఇంకా ఉన్నాయా? ప్రపంచమంతటికీ వచ్చిన విపత్తు కదా, ఎవరి మీదని కోపగించుకుంటాం?" అని అడిగారు. దుఃఖం చాలావరకు సర్దుకుంది. కోపం సర్దుకోలేదు. జబ్బు మీద నాకు కోపం లేదు, ఎక్కడో పుట్టిన వైరస్ మా ఇంటిదాకా వచ్చినందుకు ఎవరినీ నిందించను. చనిపోయినవాళ్లు చనిపోలేదన్నట్టు రాసుకున్న లెక్కల మీదే నా కోపమంతా.

2021 మే మొదటి వారంలో ఖమ్మంలో మా బాబాయికి జ్వరం వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 30న, ఖమ్మం, వరంగల్ కార్పొరేషన్లకు పోలింగ్ జరిగింది. దేశంలో రోజుకు మూడు లక్షలకు పైగా కేసులు నమోదవుతున్న రోజుల్లో వీధివీధికీ ప్రచార ఆటోలు తిరిగాయి. బాబాయికి జబ్బు అక్కడే అంటిందని నేను అనను, అది ఎవరూ చెప్పలేరు. ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో నెగెటివ్ వచ్చింది. సీటీ స్కాన్ తీయిస్తే ఊపిరితిత్తుల్లో జబ్బు ఎంత పాకిందో చెప్పే స్కోరు 25కి 17 అన్నారు. ఆ నెగెటివ్ కాగితం తరవాత మమ్మల్ని ఎంత తిప్పలు పెడుతుందో అప్పటికి మాకు తెలియదు.

ఆక్సిజన్ బెడ్ ఎక్కడా దొరకలేదు. మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగి ఒక వెల్డింగ్ షాపు యజమాని దయతో జంబో సిలిండర్ తెచ్చాడు. దానికి ఆక్సిజన్ పారే వేగాన్ని కొలిచే ఫ్లోమీటర్, నీళ్లు పోసే సీసా విడిగా వెతకాల్సి వచ్చింది, ఆ ఊళ్లో ఆ వారం సిలిండర్ కన్నా అవే కరువు. నిండు సిలిండర్‌లో ఏడు క్యూబిక్ మీటర్లు, అంటే ఏడు వేల లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి పది లీటర్ల చొప్పున పెడితే పదకొండు గంటల నలభై నిమిషాలకు మించి రాదు. ఆ లెక్క పిన్ని పెళ్లి శుభలేఖ వెనక వేసుకుని, గంటగంటకూ మీటరు ముల్లు ఎక్కడుందో దాని కింద రాసింది. సీసాలో బుడగలు వస్తున్నాయో లేదో చూడడానికి రాత్రంతా లైటు ఆర్పలేదు. రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే సాచురేషన్, 88కి పడిపోతే ఆయన్ని బోర్లా పడుకోబెట్టేవాళ్లం, 92కు వచ్చేది, తిరగేస్తే మళ్లీ పడిపోయేది.

ఆ ముల్లు దిగుతున్నంతసేపూ దేశంలో ఆక్సిజన్ లేదనే అనుకున్నాం. అది నిజం కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. దేశంలో రోజుకు ఏడు వేల టన్నులకు పైగా తయారవుతోంది, కాకపోతే ఎక్కువ భాగం ఒడిశా, ఝార్ఖండ్ వంటి తూర్పు రాష్ట్రాల ఉక్కు కర్మాగారాల దగ్గర ఉంది. మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే ఆ సరుకును మోయడానికి ప్రత్యేకమైన ట్యాంకర్లు కావాలి, అవి చాలలేదు. ఇది వైరస్ చేసిన పని కాదు. ఆక్సిజన్ సరఫరా పెంచాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2020 నవంబరులోనే చెప్పింది. ఆసుపత్రుల్లోనే గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంట్లకు 2020 అక్టోబరులో టెండర్లు పిలిచారు. మంజూరైన 162 ప్లాంట్లలో 2021 ఏప్రిల్ 18 నాటికి బిగించినవి 33 అని ఆరోగ్య శాఖే ప్రకటించింది. ఈ మధ్యలో, జనవరి 28న, దావోస్ ప్రపంచ ఆర్థిక వేదికకు ఆన్‌లైన్‌లో ప్రసంగిస్తూ ప్రధానమంత్రి భారత్ మానవాళిని పెద్ద విపత్తు నుంచి కాపాడిందన్నారు. మహమ్మారి చివరి అంకానికి వచ్చామని మార్చి 7న కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ అన్నారు.

ద్రవ ఆక్సిజన్ మోసే తొలి రైలు, ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22న బయలుదేరింది విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే, మహారాష్ట్రకు. అదే కర్మాగారాన్ని నూటికి నూరు శాతం అమ్మాలని కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ జనవరిలోనే తీర్మానించింది. ఎంతోమంది ప్రాణాలు అర్పించి తెచ్చుకున్న ఫ్యాక్టరీ మరెవరి ఊపిరికో అక్కరకొచ్చిందన్న గర్వమూ, దాన్ని అమ్మకానికి పెట్టారన్న మంటా నాలో ఒకేసారి రేగాయి.

మూడో రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బెడ్ దొరికింది. డిపాజిట్ నగదుగానే కట్టమన్నారు, కట్టాం. వెంటనే రెమ్‌డెసివిర్ అనే ఇంజెక్షన్ తెమ్మని చీటీ రాసిచ్చారు. ఆ మందును వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించింది, ప్రాణాలు నిలుపుతుందనడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. అయినా ఆ చీటీ పట్టుకుని ఊరూరా ఎంతమంది నగలు తాకట్టు పెట్టారో! మేమూ బ్లాకులో కొన్నాం. పని చేస్తుందో లేదో తెలియని మందు కోసం మనుషుల చేత అడుక్కుతినే పని చేయించారన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది, అందులో ఆ ఆసుపత్రికీ వాటా ఉంది.

బాబాయి పోయారు. పేరైనా తెలియని కుర్రవాళ్లు పీపీఈ కిట్లు వేసుకుని ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లారు. తమ్ముణ్ని దూరంగా నిలబెట్టి, నిప్పు మాత్రం అందుకోనిచ్చారు. పిన్ని ఇంటి గేటు దగ్గరే ఉండిపోయింది. పెద్దకర్మకు వీధిలోవాళ్లెవరూ రాలేదు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు, ఆ రోజు ఎవరి ఇల్లు వాళ్లకు భయం.

అదే మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకరు ఆలస్యమై, ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. జూలై 20న కేంద్రం రాజ్యసభకు ఇచ్చిన సమాధానం మాత్రం వేరు. ఆక్సిజన్ కొరత వల్ల మరణించినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదట. రాష్ట్రాలు రాయలేదు, కేంద్రం అడగలేదు, ఇద్దరికీ సరిపోయింది.

బాబాయి మరణ కారణం పత్రంలో గుండె, శ్వాస ఆగిపోవడం అని ఉంది. చనిపోయే ప్రతివాడికీ ఆగేవి అవే కదా. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఆదేశించాక ఒక్కో మృతుడి కుటుంబానికి 50 వేల రూపాయల సాయం నిర్ణయమైంది. మీసేవలో దరఖాస్తు చేస్తే, ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ ఏదని మొదట తిప్పి పంపారు. సీటీ స్కాన్ ఫిల్ములు, చీటీలు, బిల్లులు పట్టుకుని తమ్ముడు కార్యాలయాల చుట్టూ తిరిగితే చివరికి మంజూరు చేశారు. అంటే ఆయన కోవిడ్‌తోనే పోయారని ప్రభుత్వం ఒప్పుకుని డబ్బిచ్చింది. ఇక ఇది చూడండి: తెలంగాణ అధికారికంగా చూపిన మొత్తం కోవిడ్ మరణాలు 4,111. సాయానికి 2022 జనవరి నాటికే వచ్చిన దరఖాస్తులు 28 వేలకు పైగా. మంజూరైనవి అప్పటి అధికారిక సంఖ్యకు మూడు రెట్లకు తక్కువ కాదు. డబ్బు ఇచ్చేటప్పుడు కోవిడ్ మృతుడు, లెక్క చెప్పేటప్పుడు కాడు.

దేశం లెక్క కూడా ఇదే తీరు. 2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో మామూలుగా చనిపోయేవారికన్నా అదనంగా 47 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేస్తే, లెక్కగట్టిన పద్ధతే తప్పని మన ప్రభుత్వం కొట్టిపారేసింది. అంచనాలు వద్దంటే వద్దు, ప్రభుత్వ రిజిస్టర్లే చూద్దాం. 2020లో దేశంలో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి, ఆ ఏడాది కోవిడ్ ఖాతాలో చూపినవి సుమారు 3.3 లక్షలు. నమోదు మెరుగుపడింది అనేవారున్నారు, కొంత నిజమే కావచ్చు, పెరిగినదంతా కోవిడ్ వల్లనేనని నేనూ అనను. కానీ ఆ 2021 మరణాల లెక్కల పుస్తకం బయటికి వచ్చింది 2025 మేలో. అప్పటికి అడిగేవాళ్లలో సగంమంది అలసిపోయారు.

4,111 మందిలో బాబాయి పేరు ఉందో లేదో చెప్పమని తమ్ముడు సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. ఆ వివరాలు తమ దగ్గర లేవని, మరో విభాగాన్ని అడగాలని జవాబు వచ్చింది. పిన్ని "ఇంక చాలురా నాయనా" అంది. వాడు ఆ రెండో విభాగానికీ దరఖాస్తు పెట్టాడు.