తొలి విమానం కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

దాచుకున్న డబ్బుతో నీవు రేడియో కంట్రోల్ విమానం కొనబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ఎంతో గర్వం కలిగింది. నీవు పంపిన జాబితా చూశాక మాత్రం గుండె గుభేలుమంది. సగానికి పైగా సొమ్ము ముచ్చటైన యుద్ధవిమానపు నమూనాకే పోయింది. బ్యాటరీ, ఛార్జర్, రెక్కల మీదా తోక మీదా ఉండే పలకలను కదిపే చిన్న మోటార్లైన సర్వోలు దొరికినవాటిలోకెల్లా చవకవి. నేనైతే ఆ జాబితాను తలకిందులు చేస్తాను.

తేలిక విషయాలు ముందే చెప్పేస్తాను. మొదటి విమానానికి రెక్క పైన ఉండాలి, బాడీ ఫోముది కావాలి. కంప్యూటర్ మీద విమానం ఎగరేయించే సిమ్యులేటర్‌లో చేయి తిరిగాకే, ఎగరేయడం తెలిసినవారిని వెంటబెట్టుకొని మైదానానికి వెళ్లు. యుద్ధవిమానపు నమూనాలకు సాధారణంగా బరువు ఎక్కువ, రెక్క వైశాల్యం తక్కువ కాబట్టి, వేగం తగ్గితే ఒక రెక్క వాల్చి కూలిపోతాయి. ఆ ధరకు నాణ్యత ఉండవచ్చు గాని, ఇప్పుడు నీకు పనికొచ్చే నాణ్యత కాదది.

చవకైనదల్లా నాసిరకమని నేను అనను. ఏది కొన్నా, ఇది గాలిలో చెడిపోతే ఏమవుతుందని ఆలోచించు. ఫోముకు సొట్ట పడినా, చక్రం ఊడినా విమానం నీ మాట వింటూనే ఉంటుంది. అక్కడ నిరభ్యంతరంగా పొదుపు చెయ్యి. సర్వో, నీ చేతిలోని ట్రాన్స్‌మీటర్ పంపే సంకేతాలను అందుకునే రిసీవర్, మోటారు వేగాన్ని మార్చే స్పీడ్ కంట్రోలర్, చివరకు ఎలివేటర్‌ను, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను, కదిపే కడ్డీ కొసన ఉండే క్లెవిస్ అనే చిన్న కొక్కెం సైతం, వీటిలో ఏ ఒక్కటి చెడినా విమానం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేము.

మీ నాన్నగారి విమానం సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆయన బాల్సా చెక్కను కోసి, గరుకు కాగితంతో రుద్ది, పైన ఫిల్మును ఇస్త్రీ చేసి అతికించి, చూసినవారు ముట్టుకోవడానికి భయపడేంత అందంగా ఒక విమానం కట్టారు. మోటారు మేలైనదే కొన్నారు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోవడంతో స్పీడ్ కంట్రోలర్ మాత్రం చవకది తగిలించారు. దాని పని మోటారు వేగం మార్చడం ఒక్కటే అని ఆయన అనుకున్నారు. నిజానికి బీఈసీ అనే చిన్న సర్క్యూట్ దానిలోనే ఉండి, బ్యాటరీ వోల్టేజిని సుమారు 5 వోల్టులకు దించి రిసీవర్‌కూ సర్వోలకూ అందిస్తుంది. ఆయన కొన్నదానిలో ఉన్నది లీనియర్ రకం. అది మిగులు వోల్టేజినంతా వేడిగా మార్చేస్తుంది. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంటుంది కనుక, సర్వోలు 1 ఆంపియరు లాగినా ఏడున్నర వాట్ల వేడి ఆ చిన్న ముక్కలోనే పుడుతుంది. నేలమీద, ట్రాన్స్‌మీటర్‌పై ఉండే ఒక్కొక్క స్టిక్కునూ నెమ్మదిగా కదిపి చూసినప్పుడు లోపమేమీ కనబడలేదు. గాలిలో, అన్ని సర్వోలూ ఒకేసారి పనిచేస్తున్న మలుపులో, రిసీవర్‌కు కరెంటు చాలక అది ఆగిపోయింది. విమానం ముక్కు దించి నేలలోకి దిగబడింది. అదృష్టవశాత్తు అక్కడ ఎవరూ లేరు. కాసేపటి ముందే ఆ దారిన ఒక పిల్లవాడు సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి ఆ పిల్లవాడే కారణం.

మీ నాన్నగారు తప్పంతా రేడియోదేనని తేల్చి, ఖరీదైన రిసీవర్ కొని, పాత స్పీడ్ కంట్రోలర్‌నే మరో విమానంలో బిగించారు. నేను రిసీవర్‌లోని ఖాళీ సాకెట్‌కు మీటరు కలిపి, స్టిక్కులన్నీ ఒకేసారి గబగబా తిప్పమన్నాను. 5 వోల్టులు చూపాల్సిన అంకె 4కు దిగువకు జారింది. ఆయన కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. నీవు అంతగా వేడెక్కని స్విచింగ్ రకం బీఈసీ ఉన్న స్పీడ్ కంట్రోలర్‌నే కొను; ఈ పరీక్షను ప్రొపెల్లర్ ఊడదీసి చెయ్యి. ఊడదీసి అన్న మాటను మరొకసారి చదువుకో తల్లీ, ఆ వేళ్లతో నీవు ఇంకా ఎన్నో పనులు చేయాలి.

చిన్న ఫోము విమానానికి ప్లాస్టిక్ పళ్ల 9 గ్రాముల సర్వోలు చాలు, లోహపు పళ్లకోసం ఆరాటపడకు. అయితే స్టిక్కు వదిలిన ప్రతిసారీ సర్వో చేయి అదే చోటికి తిరిగి రావాలి, వేలితో కదిపితే వదులుగా ఆడకూడదు. అలా లేనిదాన్ని వెనక్కి ఇచ్చెయ్యి. ట్రాన్స్‌మీటర్ మంచి స్థితిలో ఉంటే ఎవరో వాడినదైనా కొనవచ్చు. వాడిన లైపో బ్యాటరీని ఉచితంగా ఇచ్చినా తీసుకోకు, ఉబ్బినదాన్ని ముట్టుకోనే వద్దు. కొత్తదాని లేబుల్ మీద, తన సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే సి అంకె ఎంత పెద్దదైతే అంత మేలని నమ్మకు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 100సి అని రాస్తే 220 ఆంపియర్లు ఇస్తుందని అర్థం, దానికి అతికించిన సన్నని తీగలే ఆ మాట అబద్ధమని చెబుతాయి.

ఛార్జింగ్ విషయంలో నేను కఠినంగానే మాట్లాడతాను. సెల్లులన్నిటినీ సమానంగా నింపడానికి ఉండే బ్యాలెన్స్ తీగ కలపకుండా, 2200 ఎంఏహెచ్‌కు 2.2 ఆంపియర్లు మించి, లేదా నీవు నిద్రపోతూ ఛార్జి చేశావని తెలిస్తే ఆ విమానం అటకెక్కుతుంది. ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఆగకపోతే మంటలు అంటుకోవచ్చు. ఆగాలో వద్దో తేల్చేది ఛార్జరే. అందుకని నీ జాబితాలోంచి ఛార్జర్‌ను కొట్టేశాను, నేనే కొని పంపుతాను. ఆ మిగిలిన డబ్బుతో స్పీడ్ కంట్రోలర్ మార్చి, కొత్త జాబితా నాకు పంపు.

మామయ్య