టెక్ సందేహాలు: కేబుల్ మారిస్తే పాట మారుతుందా?

కాకినాడ నుంచి ఒక పాఠకుడు రాశారు: “నాన్నగారి కోసం ఘంటసాల పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో పెట్టాను. యూఎస్‌బీ డీఏసీ ఒకటి కొని, దాని నుంచి ఆంప్లిఫయర్‌కి, స్పీకర్లకి కలిపాను. పాట ఆగగానే స్పీకర్లలోంచి గుంయ్‌మని సన్నటి మోత వస్తోంది. షాపులో అడిగితే నాలుగున్నర వేల రూపాయల యూఎస్‌బీ కేబుల్ వేస్తే మోత పోతుంది, గొంతు కూడా తేటగా వస్తుంది అన్నారు. కొనమంటారా?”

వద్దండి. ముందు ఆ కేబుల్‌లో ఏం వెళ్తుందో చూద్దాం. అందులో వెళ్లేది అంకెలు. ఆ అంకెలను ధ్వనిగా మార్చడం డీఏసీ పని. సీడీ నాణ్యత ఉన్న పాటకు ఎడమ, కుడి చానెళ్లలో ఒక్కోదానికి సెకనుకు 44,100 చొప్పున 16 బిట్ల అంకెలు వెళ్తాయి. లెక్క కడితే సెకనుకు దాదాపు 14 లక్షల బిట్లు. యూఎస్‌బీ 2.0 కేబుల్ సెకనుకు 48 కోట్ల బిట్ల దాకా మోయగలదు. ఇంత వెడల్పు రోడ్డు మీద మీ పాట ఒక సైకిల్ లాంటిది. ప్రింటర్‌తో పాటు వచ్చిన మామూలు కేబుల్‌లోనూ అదే అంకె చేరుతుంది, నాలుగున్నర వేల కేబుల్‌లోనూ అదే చేరుతుంది.

మరి అంకె చేరకపోతే? ఆడియో విషయంలో యూఎస్‌బీ పోయిన ముక్కను మళ్లీ పంపదు, అప్పటికి దాని సమయం దాటిపోతుంది కాబట్టి. అప్పుడు టప్‌మని చప్పుడు వస్తుంది, లేదా పాట క్షణం పాటు తెగుతుంది. అంతే తప్ప గొంతు మసకబారడం, బేస్ పలచబడటం జరగవు. కేబుల్ పాడైతే చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

‘టైమింగ్ తేడా వస్తుంది’ అని కూడా షాపులో చెప్పి ఉంటారు. ఇప్పుడొస్తున్న డీఏసీల్లో చాలా వాటిది అసింక్రనస్ పద్ధతి. పాటకు తాళం వేసేది, అంటే ఏ అంకె ఎప్పుడు పలకాలో చెప్పేది, డీఏసీలో ఉన్న గడియారమే. కంప్యూటర్ దాని లయకు తగ్గట్టు డేటా అందిస్తూ పోతుంది. కేబుల్‌కి ఆ తాళంతో పని లేదు.

ఇక మోత సంగతి. అదే కేబుల్‌లో అంకెల తీగల పక్కన 5 వోల్టుల కరెంటు తీగ, గ్రౌండ్ తీగ కూడా ఉంటాయి. ల్యాప్‌టాప్ లోపలి రొద, చార్జర్ రొద ఈ గ్రౌండ్ దారిలో ఆంప్లిఫయర్ దాకా వెళ్తాయి. మా ఇంట్లో రెండేళ్ల కిందట ఇదే గొడవ. మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో జిర్రుమనేది. చార్జర్ పీకాను, ఒక్కసారిగా నిశ్శబ్దం. మీరూ పాట ఆపి, వాల్యూమ్ పెంచి, చార్జర్ తీసి చూడండి. మోత ఆగిందంటే దొంగ దొరికినట్టే. రెండు పిన్నుల చార్జర్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ బాడీ మీద చెయ్యి వేస్తే సన్నగా జుమ్మంటుంది చూడండి, ఆ లీకేజీ కరెంటు కూడా ఈ దారే పడుతుంది.

ముందు ల్యాప్‌టాప్ చార్జర్‌నీ ఆంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. కొన్నిసార్లు ఇంతటితో తగ్గిపోతుంది. తగ్గకపోతే డీఏసీకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. ఆ గ్రౌండ్ దారిని తెంపి పాటను మాత్రం పోనిచ్చే, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న డబ్బీ అది, కొన్ని వందల్లో దొరుకుతుంది. మరీ చౌకది తీసుకుంటే కింది బేస్ కొంచెం తగ్గుతుంది. యూఎస్‌బీ వైపు పెట్టే ఐసొలేటర్లూ ఉన్నాయి. కానీ చౌక వాటిలో చాలా వాటి వేగం సెకనుకు 1.2 కోట్ల బిట్లే, కొన్ని డీఏసీలు వాటితో పనిచేయవు. అమ్మేవాళ్లను వేగం అడిగి కొనండి.

ఒక్కటి మాత్రం చేయకండి. మోత పోతుందని ఎవరో చెబితే త్రీపిన్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేయకండి. మోత పోవచ్చు, కానీ ఆంప్లిఫయర్‌లో ఏదైనా తీగ ఊడితే దాని బాడీలోకి కరెంటు వస్తుంది. దాన్ని ముట్టుకునేది మీ నాన్నగారు.

గొంతు తేటగా రావడం అనేది వేరే ప్రశ్న, దానికి జవాబు పాట ఫైల్‌లో ఉంటుంది. ఆ పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులు. వెనక వినిపించే స్‌స్‌ అనే శబ్దం అప్పటి టేపుదో, గ్రామఫోన్ రికార్డుదో. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా పాటను దాచే ఫార్మాట్) మారిస్తే ఫైల్ సైజు పెరుగుతుంది గానీ పోయిన స్వరం తిరిగి రాదు. అదే పాట మంచి సీడీ నుంచి తీసుకుంటే తేడా నాన్నగారే ముందు చెబుతారు. కేబుల్ డబ్బు అక్కడ పెట్టండి.

సెట్టింగ్స్ కూడా ఒకసారి చూడండి. విండోస్ అన్ని శబ్దాలనూ కలిపి, తనకు ఇచ్చిన ఫార్మాట్‌లోకి మార్చి పంపుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి డీఏసీ పేరు నొక్కి ఫార్మాట్‌ను 24 బిట్, 44,100 హెర్ట్జ్‌కి పెట్టండి. సీడీ నుంచి తీసిన పాటలకు 192 కిలోహెర్ట్జ్ పెట్టి లాభం లేదు. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. విండోస్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, తగ్గించడం పెంచడం ఆంప్లిఫయర్ మీద చేయండి. పాట మధ్యలో నోటిఫికేషన్ టింగ్‌మనకూడదంటే ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్ వేసుకుని, అవుట్‌పుట్ జాబితాలో డీఏసీ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నది ఎంచుకోండి. అప్పుడు విండోస్ మిక్సర్ పక్కకు తప్పుకుంటుంది.

వరంగల్ నుంచి మరొకరు: “యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో ఐదారు నిమిషాలకోసారి టప్‌టప్‌మంటోంది. కొత్తది కొనాలా?”

ఇప్పుడే కొనకండి. పైన చెప్పిన ముక్కలు జారిపోవడం ఇదే. హబ్ వాడుతుంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, వేరే పోర్టు కూడా చూడండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని (కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెట్టింగ్) డిజేబుల్ చేయండి. అప్పటికీ పోకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని పది నిమిషాలు నడపండి. ఏ డ్రైవర్ సిస్టమ్‌ని ఆపేస్తోందో పేరుతో సహా చూపిస్తుంది. చాలాసార్లు అది వైఫైదో, గ్రాఫిక్స్‌దో అవుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్‌ని అప్‌డేట్ చేసి మళ్లీ వినండి. ఇవన్నీ చేశాకా ఆగకపోతే, హెడ్‌సెట్‌ని స్నేహితుడి కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడా టప్‌మంటేనే కొత్తదాని గురించి ఆలోచించండి.