బోరు నీళ్లలో పెట్రోలు వాసన: కంపెనీ కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా ప్రహరీని ఆనుకుని పెట్రోలు బంకు ఉంది. నాలుగు నెలలుగా బోరు నీళ్లు పెట్రోలు వాసన వస్తున్నాయి. బకెట్లో పట్టి ఉంచితే పైన రంగురంగుల పొర తేలుతోంది. తన ట్యాంకులు బాగానే ఉన్నాయని డీలరు అంటున్నాడు. కంపెనీవాళ్లు ఆరు నెలలు నీళ్ల ట్యాంకరు పంపుతాం, ఇక ఏ క్లెయిమూ లేదని రాసివ్వమంటున్నారు. ఇవ్వొచ్చా? నేలను బాగుచేయించే బాధ్యత ఎవరిది? – ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: రాసివ్వకండి. ట్యాంకరు నీళ్లు తీసుకోండి. ‘నీళ్లు ముట్టాయి, నా హక్కులు వదులుకోవడం లేదు’ అని రాసి దాని కిందే సంతకం పెట్టండి. ఆ బోరు నీళ్లు తాగొద్దు, వండొద్దు, స్నానానికీ వాడొద్దు. మోటారు కూడా ఆపేయండి, అది నడిచేకొద్దీ బంకు కింది కాలుష్యాన్ని మీవైపే లాగుతుంది. పాత బావి ఉంటే ఎవర్నీ దిగనివ్వకండి, దగ్గర అగ్గిపుల్ల గీయనివ్వకండి.

ఇలాంటి కేసు నిలిచేది నీటి నమూనా మీద. చాలామంది ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టుకెళ్లి మామూలు తాగునీటి పరీక్ష చేయిస్తారు. అందులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు), ఫ్లోరైడ్ బయటపడతాయి తప్ప పెట్రోలు బయటపడదు. ఆ ‘నీళ్లు బాగున్నాయి’ రిపోర్టునే రేపు అవతలివాళ్లు కోర్టులో పెడతారు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబు మనిషినే ఇంటికి పిలిపించండి. 40 మి.లీ. ముదురు గోధుమరంగు గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత వాడాలి. సీసాను అంచుదాకా నింపి, మూత బిగించి తలకిందులు చేస్తే ఒక్క గాలి బుడగ కూడా కనిపించకూడదు. బుడగ ఉంటే, పెట్రోలులో ఉండే విషపదార్థం బెంజీన్ అందులోకి చేరి, అంకె తక్కువ వస్తుంది. యాసిడ్ కలిపిన నమూనాను ఐసుపెట్టెలో ఉంచి 14 రోజుల్లో పరీక్షించాలి. బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ విడివిడిగా అడగండి. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు.

అదే రోజు కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుకు, బంకులకు లైసెన్సు ఇచ్చే పెసోకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పర్యావరణ పరిరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నోటీసిచ్చి, సీలు వేసి నమూనా తీయమని మండలిని కోరండి. కంపెనీ ప్రభుత్వ రంగానిదైతే సమాచార హక్కు కింద రోజువారీ డిప్ రీడింగులు (ట్యాంకులో కొలకర్ర ముంచి చూసే ఇంధన మట్టం), స్టాకు తేడాల రిజిస్టరు, ట్యాంకుల పరీక్ష రిపోర్టులు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పైపులైను పరీక్ష రిపోర్టు విడిగా అడగడం మరవొద్దు. ట్యాంకు బాగున్నా, ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే పైపు జాయింట్లలో కారవచ్చు. చిన్న కారుడైతే ఆవిరి కింద మినహాయించే లెక్కలోనే కలిసిపోతుంది.

సివిల్ కోర్టుకు వెళ్లి కాలం పోగొట్టుకోకండి. ఇలాంటి కేసులు సివిల్ కోర్టు వినకుండా జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చట్టం 29వ సెక్షన్ అడ్డొస్తుంది. మీరు వెళ్లాల్సింది చెన్నైలోని ఎన్‌జీటీ దక్షిణ మండల బెంచికి. ఆన్‌లైన్లోనూ దాఖలు చేయొచ్చు. పర్యావరణ వివాదం పరిష్కారానికి 14వ సెక్షన్ కింద గడువు, కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలే. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి. నష్టపరిహారానికి, నేలా నీరూ బాగుచేయించడానికి 15వ సెక్షన్ కింద అయిదేళ్ల గడువుంది. పరిహారం అడిగితే ఫీజు ఆ మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000 రూపాయలు.

డీలరును, కంపెనీని ఇద్దర్నీ పార్టీలుగా చేర్చండి. చాలా బంకుల్లో ట్యాంకులు కంపెనీవే. పాడుచేసినవాడే బాగుచేయించాలన్నది అదే చట్టం 20వ సెక్షన్. శుద్ధి ఖర్చు కూడా వాళ్లదేనని 1996లో, రాజస్థాన్‌లో రసాయన ఫ్యాక్టరీల కాలుష్యం మీద వచ్చిన బిచ్ఛ్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

‘మట్టి మార్పించండి’ అని మాత్రం అడగొద్దు. పెట్రోలు నీటికన్నా తేలిక, భూగర్భ నీటిమట్టం పైన తేలుతుంది. వానాకాలం మట్టం పైకొచ్చి, ఎండాకాలం దిగేసరికి మధ్యనున్న మట్టికంతా పూసుకుపోతుంది. ట్యాంకు తవ్వి, కొత్తది పెట్టి, కాంక్రీటు పోస్తే మీ గోడ దాటొచ్చిన బెంజీన్ అలాగే ఉంటుంది. అందుకే చుట్టూ పరిశీలన బోర్లు వేయాలని, తేలుతున్న ఇంధనాన్ని తోడాలని, మట్టిలోని ఆవిరిని పంపులతో లాగాలని, కలుషిత నీటిని కార్బన్ ఫిల్టర్లలో శుద్ధి చేయాలని, వానలకు ముందూ తర్వాతా పరీక్షలు జరపాలని పిటిషన్‌లోని ప్రార్థనలో (ట్రిబ్యునల్‌ను కోరే ఉత్తర్వుల జాబితాలో) ఒక్కొక్కటీ రాయించండి. తవ్విన మట్టి రోడ్డు పక్కన పోయకుండా, అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలని కూడా చేర్చండి. బోరు నీటి ఫలితాలు హద్దులోకి వచ్చేదాకా కంపెనీ ఖర్చుతో మంచినీళ్లు ఇవ్వాలని మధ్యంతర ఉత్తర్వు అడగండి.